పాత ల్యాప్‌టాప్, డాబా మీద నాన్నగారు, లంగరు వేసిన ఓడలు

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నానే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మా ఇంట్లో పన్నెండేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో ఈ ప్రాసెసర్ ఆనదు. బజారులో చూపిస్తే "పాత ఇనుముకు వేసేయండి మాస్టారూ" అన్నారు. మనసొప్పలేదు. పన్నెండేళ్ల మార్కుల పట్టికలు దాని మీదే చేశాను.

ఇంకో సంగతి. మా నాన్నగారు విశాఖ రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. పొద్దున్నే డాబా మీద కుర్చీ వేసుకుని, బైనాక్యులర్ పట్టుకుని, లంగరు వేసి ఉన్న ఓడలను చూస్తూ కూర్చుంటారు. "ఆ పచ్చ ఓడ నాలుగు రోజులుగా కదలడం లేదు, ఏ దేశానిదో" అని నన్ను అడుగుతారు. నాకు తెలిస్తేగా! ఈ ల్యాప్‌టాప్‌కు ప్రాణం పోసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పించే మార్గం ఏమైనా ఉందా? ప్రోగ్రామింగ్ రాదు. సెలవులు పది రోజులున్నాయి.

తుప్పుగాలి
శనివారం, రాత్రి 9.48

ఆ కొట్టువాడి మాట పట్టించుకోకండి. ముందు వెనకమూత విప్పండి. మీది పెదవాల్తేరు అంటున్నారు కాబట్టి లోపల ఏముంటుందో ఇక్కడి నుంచే చెప్పగలను: ఫ్యాన్ నిండా దూది లాంటి దుమ్ము, ర్యామ్ కాళ్ల మీద మసక, మరలకు తుప్పు. సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపల ఉన్న ఏ యంత్రమైనా ఇంతే. ఉప్పుగాలి ఎవరినీ వదలదు. ర్యామ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో కాళ్లు తుడిచి మళ్లీ పెట్టండి. "చచ్చిపోయింది" అన్న ల్యాప్‌టాప్‌లలో సగం నా చేతిలో ఈ ఒక్క పనితోనే లేచాయి.

తరువాత పాత హార్డ్‌డిస్క్ తీసేసి, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, వేయండి. 240 జీబీది చాలు. ప్రాసెసర్ ముసలిదైందని అందరూ అంటారు గానీ, నిజానికి కుంటుతున్నది ఆ తిరిగే డిస్కే. ర్యామ్ 8కి పెంచితే ఇంకా మంచిది. డీడీఆర్3 రకం ర్యామ్ పాతవి దొరుకుతాయి, కొత్తవి కొనకండి. తారీఖు వెనక్కి పోతుంటే బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. వాచీల కొట్లో అడగండి.

పట్టికలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే మర విప్పండి. దీనికి మాత్రం నన్ను తిట్టుకునే అవకాశం ఇవ్వకండి.

పెదగంట్యాడ విద్యార్థి
శనివారం, రాత్రి 10.02

మాస్టారూ, విండోస్ బదులు ఆర్చ్ లైనక్స్ వేయండి! ఒక్కో భాగం మీరే ఎంచుకుని పేర్చుకోవచ్చు. రెండు రాత్రులు పట్టినా మొత్తం అర్థమైపోతుంది.

అక్షరాల పిచ్చి
శనివారం, రాత్రి 10.15

తమ్ముడూ, మాస్టారు అడిగింది ఓడల గురించి. ఓడను కట్టుకోమని చెబుతావేమిటి?

మాస్టారూ, లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం తీసుకోండి. 4 జీబీలో హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచే ల్యాప్‌టాప్‌ను మొదలుపెడితే, డిస్క్ జోలికి పోకుండానే వాడి చూడవచ్చు. వైఫై పనిచేస్తోందా, శబ్దం వస్తోందా, తెర వెలుగు తగ్గుతోందా అని ఒక సాయంత్రం చూసుకోండి. నచ్చితేనే డిస్క్‌లో వేయండి. పెళ్లిచూపుల్లాంటిది, తొందరపడాల్సిన పని లేదు.

ఎందుకొచ్చిన గొడవ
ఆదివారం, ఉదయం 7.30

నాకు అర్థం కాని విషయం ఒకటి. ఓడల పేర్లు చూపించే యాప్‌లు ఫోనులోనే ఉన్నాయి. ఒక నిమిషం పని. దానికి మరలు విప్పడం, డిస్క్ మార్చడం, పది రోజుల సెలవులు ధారపోయడం దేనికి? పెద్దాయనకు ఫోను చేతికిచ్చి చూపించండి, సరిపోతుంది.

తరంగం
ఆదివారం, ఉదయం 9.20

సరిపోతుంది, కాదనను. కానీ ఆ యాప్‌కు సమాచారం ఎక్కడి నుంచి వస్తోందో తెలుసా? తీరం పొడవునా ఎవరెవరో తమ ఇళ్ల మీద పెట్టుకున్న యాంటెన్నాల నుంచి చాలావరకు వస్తుంది. మాస్టారి డాబా అలాంటి డాబాయే కావచ్చు.

పద్ధతి ఇదీ. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు దాటిన ఓడలన్నీ తమ పేరు, స్థానం, వేగం రేడియోలో చెబుతూ ఉండాలి. దాన్ని ఏఐఎస్ అంటారు. ఓడలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా పెట్టిన ఏర్పాటు. 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు చోట్ల వస్తుంది. నడిచే ఓడ కొన్ని సెకన్లకొకసారి చెబుతుంది, లంగరు వేసినది మూడు నిమిషాలకొకసారి. సందేశానికి తాళం ఏమీ ఉండదు, వినగలిగినవాడికి వినబడుతుంది.

వినడానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ చాలు. అది యూఎస్‌బీలో టీవీ చూడటానికి తయారుచేసిన వస్తువు. దానిలోని చిప్ టీవీ బొమ్మగా విప్పకుండానే పచ్చి రేడియో సంకేతాన్ని కంప్యూటర్‌కు ఇవ్వగలదని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. అప్పటి నుంచి దానికి ఈ రెండో జన్మ. సాఫ్ట్‌వేర్ ఏఐఎస్-క్యాచర్. దాని ప్రోగ్రాం మూలం అందరికీ తెరిచే ఉంది, పటం కూడా తనే బ్రౌజర్‌లో గీసి చూపిస్తుంది.

యాంటెన్నా మీరే చేసుకోండి. 44 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, పీవీసీ గొట్టం ఒకటి, కేబుల్ టీవీ వైరు. కడ్డీలు నిలువుగా, ఒకటి పైకి, ఒకటి కిందకు.

రెండు హెచ్చరికలు. ఇది వినే పరికరం మాత్రమే. ప్రసారం చేయాలనిపిస్తే ముందు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. రెండోది, మన ఊరు తూర్పు నౌకాదళ కేంద్రం. యుద్ధనౌకలు చాలాసార్లు ఏఐఎస్ వేయవు. ఎప్పుడైనా కనబడినా వాటి సంగతి రాసి పెట్టకండి, ఫొటోలు తీయకండి. వర్తక ఓడలు మనకు చాలు.

ఎందుకొచ్చిన గొడవ
ఆదివారం, ఉదయం 11.05

బాగుంది. అయితే ఈ లైనక్స్, ఈ సాఫ్ట్‌వేర్ అన్నీ ఉచితంగా ఎందుకు ఇస్తున్నారు? ఉచితంగా వచ్చే దేనికైనా వెనక ఏదో లాభం ఉంటుంది.

అక్షరాల పిచ్చి
ఆదివారం, మధ్యాహ్నం 12.40

అనుమానం మంచిదే. ఫోనులో ఉచితంగా వచ్చే చాలా యాప్‌ల విషయంలో మీ మాట నిజం కూడా. కానీ ఇక్కడ ఇంగ్లీషు మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. డబ్బు తీసుకోకపోవడానికీ, కట్టుబాటు లేకపోవడానికీ వాళ్లకు ఒకటే మాట, "ఫ్రీ". 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిని ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఏళ్లుగా దీన్ని విడమరచి చెబుతూనే ఉన్నారు. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు.

సత్రంలో భోజనం ఉచితం. కానీ వంటింట్లోకి రానివ్వరు, పప్పులో ఏం వేశారో చెప్పరు. ఇది అలా కాదు. వంటింటి తలుపు తెరిచి ఉంటుంది, వంటకం రాసి గోడకు అంటించి ఉంటుంది, ఉప్పు తక్కువైతే మీరే వేసుకోవచ్చు, అదే వంటతో హోటలు పెట్టుకున్నా ఎవరూ కాదనరు. గ్నూ లైసెన్సు ఉన్నవాటికి ఒక్కటే షరతు: మీరు మార్చి పంచిన వంటకాన్ని మీరూ దాచకూడదు. లాభం మాటకొస్తే, పెద్ద కంపెనీలు లైనక్స్ మీద జీతాలిచ్చి పనిచేయిస్తున్నాయి. వాటి సర్వర్లు నడిచేది దాని మీదే మరి.

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
మంగళవారం, రాత్రి 8.25

తుప్పుగాలి గారూ, మీరు జ్యోతిష్యం కూడా చెబుతారా? దుమ్ము, మసక, తుప్పు, మీరు రాసిన వరుసలోనే కనిపించాయి. ఎస్‌ఎస్‌డీ వేశాను. మింట్ ఇరవై నిమిషాల్లో ఎక్కింది. మీట నొక్కాక చాయ్ తాగి రావాల్సిన యంత్రం ఇప్పుడు నేను కుర్చీ లాక్కునేలోగా సిద్ధంగా ఉంటోంది.

డాంగిల్ ఇంకా రాలేదు. ఈలోగా నాన్నగారి కోసం ఓడల పట్టిక ఒకటి లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో, తెలుగులో చేద్దామనుకున్నాను. తెలుగు కనిపిస్తోంది గానీ టైపు చేయడం ఎలాగో తెలియలేదు. పైగా సరదాకి మొత్తం భాషను తెలుగుకు మార్చాను. "దస్త్రం" అని కనిపించగానే నాన్నగారు "కోర్టు కాగితమా?" అన్నారు.

అక్షరాల పిచ్చి
మంగళవారం, రాత్రి 9.30

ఆ "దస్త్రం" గొడవలో నాకూ వాటా ఉంది కాబట్టి తలవంచుతున్నాను. తెలుగు అనువాదాలు చేసే ఔత్సాహికులలో ఇది తెగని పంచాయితీ. ఒక వర్గం "ఫైలు" చాలంటుంది, ఎమ్మార్వో ఆఫీసులో కూడా ఫైలే కదా అని. ఇంకో వర్గానికి దస్త్రమే కావాలి. తమాషా ఏమిటంటే దస్త్రం కూడా మనది కాదు, పారసీకం నుంచి వచ్చింది. నేను మొదట దస్త్రం పక్షం, ఇప్పుడు ఫైలు పక్షం. మీకు నచ్చకపోతే అనువాదం మార్చమని సూచించవచ్చు. లిబ్రెఆఫీస్ వాళ్ల అనువాదాల సైటులో ఖాతా తెరిస్తే చాలు. ప్రోగ్రామింగ్ రాకపోయినా చేయగల పని ఇది. నేను అక్కడే మొదలుపెట్టాను.

టైపింగ్: కీబోర్డు అమరికల్లో తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే మన భాషల కీబోర్డు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయాలంటే ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్, దానికి తోడు ఎం17ఎన్ వేసుకోండి. అందులో ఆర్‌టీఎస్, అంటే రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్, ఉంటుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి కాబట్టి ఆ పేరు, బియ్యంతో సంబంధం లేదు. వారం రోజులు ఓపిక పట్టగలిగితే మాత్రం ఇన్‌స్క్రిప్టే నేర్చుకోండి. గుణింతం తెలిసినవాళ్లకు అది చేతికి అలవాటైపోతుంది.

ఖతులకు కొదవ లేదు. గురజాడ, గిడుగు అనే పేర్లతోనే రెండున్నాయి, స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సుతో. మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లు అక్షరాలకే పెట్టడం నాకు ముచ్చటగా ఉంటుంది. పట్టికకు మాత్రం మండలి వాడండి, చిన్న సైజులో చదవడానికి బాగుంటుంది.

ఒక పిట్టకథ. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ప్రపంచమంతా మన అక్షరాన్ని బాంబులా చూసింది. జ్ఞానం బరువు మోయలేకపోయాయి, పాపం.

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
గురువారం, రాత్రి 10.50

డాంగిల్ వచ్చింది. యాంటెన్నా చేశాను. నాన్నగారు గొట్టం పట్టుకున్నారు, నేను రంధ్రాలు వేశాను. ఆయన కట్టిన ముడి చూస్తే తుపాను వచ్చినా కదలదు. అంతా బాగుంది, ఓడలు మాత్రం సున్నా. మొదట "పరికరం వేరే పనిలో ఉంది" అన్నట్టు ఏదో లోపం చూపింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా అంతే. కంటికి ఎదురుగా పదకొండు ఓడలున్నాయి. తెర మీద ఒక్కటీ లేదు. "వాళ్లు మాట్లాడటం లేదేమో" అని నాన్నగారు నన్ను ఓదార్చారు.

పెదగంట్యాడ విద్యార్థి
గురువారం, రాత్రి 11.15

మాస్టారూ, ఇది నా సొంత అనుభవం! రెండు తప్పులున్నాయి.

మొదటిది: డాంగిల్ టీవీ కోసం చేసినది కదా. లైనక్స్ దాన్ని చూడగానే "టీవీ వచ్చింది" అనుకుని తన దగ్గరున్న టీవీ డ్రైవర్‌ను తగిలిస్తుంది. ఇక ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేరు. ఆ డ్రైవర్ పేరును నిషేధిత జాబితాలో రాయాలి, బ్లాక్‌లిస్ట్ అంటారు. ఒకే ఒక వరుస. ఫైలు విడిగా పంపుతాను, తగినచోట పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

రెండోది: చవక డాంగిల్‌లో, ఎక్కడ వినాలో కొలిచే స్ఫటికం సరిగ్గా ఉండదు. నాది పది లక్షలకు 50 వంతులు తప్పింది. చిన్న తప్పే అనిపిస్తుంది. కానీ 162 మెగాహెర్ట్జ్ దగ్గర అది 8 కిలోహెర్ట్జ్ పైనే. ఒక్కో చానల్ వెడల్పే 25. అంటే మూడో వంతు పక్కకు జరిగి వింటున్నట్టు. పీపీఎం అనే చోట సవరణ అంకె ఇవ్వాలి. డాంగిల్‌ను పావుగంట వేడెక్కనిచ్చి, పది పది చొప్పున మార్చి చూడండి. నేను రెండు రోజులు యాంటెన్నాను తిట్టాను. దాని తప్పేమీ లేదు.

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
శుక్రవారం, ఉదయం 6.40

నలభై దగ్గర పట్టుకుంది నాయనా! రాత్రి ఒంటిగంటకు మొదటి ఓడ. లైబీరియా జెండా. గుర్తింపు సంఖ్యలో మొదటి మూడు అంకెలు దేశాన్ని చెబుతాయట. 636 అయితే లైబీరియా, 538 మార్షల్ దీవులు, మనది 419. నాన్నగారిని లేపాలా వద్దా అని తలుపు దగ్గర నిలబడ్డాను. లేపితే "ఇంతసేపు ఎందుకు లేపలేదు" అన్నారు.

పచ్చ ఓడ మార్షల్ దీవులది. "ఆ దీవులెక్కడ, ఈ ఓడెక్కడ, జెండా అద్దెకు తీసుకుని ఉంటారు" అన్నారు. ఆయనకు ముందే తెలుసన్నమాట, నాకే తెలియదు. మా తాతగారు 1948లో సింధియా షిప్‌యార్డులో జలఉష ఓడ నీటిలోకి దిగుతుంటే జనంలో నిలబడి చూశారట, నెహ్రూ వచ్చారట. ఈ కథ నాన్నగారు నాకు ఇప్పటిదాకా చెప్పలేదు.

లెక్క కూడా వేశాను. మా డాబా 16 మీటర్లు, ఓడ యాంటెన్నా 25 మీటర్లు అనుకుంటే, వాటి వర్గమూలాలు 4, 5. రెండూ కలిపి 4.12తో గుణిస్తే 37 కిలోమీటర్లు. రేడియో దిగంతం అంతే. చివరి చుక్క 35 దగ్గర ఉంది. పదో తరగతి వాళ్లకు ఇదే ఇస్తాను. దక్షిణాన మాత్రం డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డం. గంగవరం రేవు ఓడలు ఒక్కటీ లేవు.

పెదగంట్యాడ విద్యార్థి
శుక్రవారం, ఉదయం 8.05

నాకు సరిగ్గా తిరగేసి! గంగవరం ఓడలన్నీ వస్తాయి, యారాడ కొండల అవతల ఉన్న మీ లంగరు చోటు మాత్రం నాకు కనబడదు. నా సందేశాలను మీ ల్యాప్‌టాప్‌కు పంపేలా పెడతాను. ఇద్దరివీ ఒకే పటం మీద వస్తాయి. తాతగారు రెండు రేవులూ చూసుకోవచ్చు.

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
ఆదివారం, ఉదయం 6.15

తరంగం గారూ, ఏదో పాడైంది. తెల్లవారుజామున పటం నిండా చుక్కలు. ఒకటి గోపాలపూర్ అవతల ఉంది. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నా 37 ఏమైంది?

తరంగం
ఆదివారం, ఉదయం 7.00

ఏమీ పాడవలేదు, అదృష్టం పండింది. తెర ఫొటో తీసి పెట్టుకోండి, ఎండ ముదిరేసరికి పోవచ్చు.

మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. కొన్ని రోజుల్లో నేల మీది నుంచి వచ్చిన వెచ్చని పొడిగాలి, సముద్రాన్ని అంటుకున్న చల్లని తేమగాలి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ రెండింటి హద్దు దగ్గర రేడియో తరంగం కిందకు వంగుతుంది, నీటి మీద సాగుతుంది, మళ్లీ వంగుతుంది. గొట్టంలో పడ్డట్టు దిగంతం దాటి వెళ్లిపోతుంది. దీన్ని డక్టింగ్ అంటారు. మీ సూత్రం తప్పు కాదు, అది మామూలు గాలికి రాసిన సూత్రం. నేను ఇలాంటి ఉదయాల కోసమే అలారం పెట్టుకుంటాను. మా ఇంట్లో దీనికి వేరే పేరు ఉంది, ఇక్కడ రాయలేను.

తుప్పుగాలి
ఆదివారం, ఉదయం 10.30

సంబరం మధ్యలో రెండు మాటలు. వైరు కలిసిన చోట ఎం-సీల్ పెట్టారా? లేకపోతే మూడు నెలల్లో రాగి పచ్చబడి ఓడలు ఒక్కొక్కటే మాయమవుతాయి, మీరేమో సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు. గొట్టం అడుగున చిన్న రంధ్రం వేయండి, నీరు కారిపోవాలి. ఉరుములు మొదలైతే వైరు పీకేయండి. అక్టోబరు వస్తే యాంటెన్నా దింపేయండి. 2014లో హుద్‌హుద్ మా డాబా మీద ఏమీ మిగల్చలేదు. మీ నాన్నగారి ముడి ఎంత గట్టిదైనా సరే.

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
మంగళవారం, రాత్రి 8.10

ఎం-సీల్ పెట్టాం. రేపటి నుంచి బడి.

ఈ రోజు జరిగింది చెప్పాలి. నాన్నగారు ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. నా లిబ్రెఆఫీస్ పట్టికను ఒకసారి మర్యాదకు చూసి వదిలేశారు. ఒక ఓడ దగ్గర ఆగి, "ఇది అబద్ధం చెబుతోంది" అన్నారు. ఓడ ఎంత లోతు మునిగి ఉందో కూడా ఏఐఎస్‌లో వస్తుంది. దానికి 14 మీటర్లని ఉంది. బైనాక్యులర్ నా చేతికిచ్చారు. చూస్తే ఓడ పక్కన ఎర్ర రంగు బారెడు పైకి తేలి ఉంది. "నిండా సరుకుంటే ఆ ఎరుపు నీళ్లలో ఉంటుంది. ఇది ఖాళీ ఓడ. మొన్ననే దింపుకుని బయటికి వచ్చి ఉంటుంది."

ఈ తప్పును ఎక్కడ నమోదు చేయాలని అడుగుతున్నారు. ఈ సాఫ్ట్‌వేర్‌లలో లోపం కనబడితే రాసి పంపవచ్చని నేనే చెప్పాను.

పెదగంట్యాడ విద్యార్థి
మంగళవారం, రాత్రి 8.30

తాతగారికి నమస్కారాలు చెప్పండి. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. స్థానం, వేగం యంత్రమే ఇస్తుంది. మునక లోతు, వెళ్లే రేవు పేరు మాత్రం ఓడ మీద మనిషి చేత్తో వేయాలి. సరుకు దింపాక అంకె మార్చడం మరిచిపోయి ఉంటారు.

ఎందుకొచ్చిన గొడవ
మంగళవారం, రాత్రి 8.41

యాప్‌లో చూశాను. అక్కడా 14 అనే ఉంది.

లెక్కల మాస్టారు (పెదవాల్తేరు)
మంగళవారం, రాత్రి 9.05

నాన్నగారికి చదివి వినిపించాను. "అయితే రేపు కూడా చూస్తాను, మారుస్తారేమో" అని నోటుపుస్తకంలో ఆ ఓడ పేరు పక్కన చుక్క పెట్టుకున్నారు.